ఇరవైనాలుగో వంతు జీపు

ఫణీంద్ర పోయిన ఐదో నెలలో సుమ షోకేసు అద్దం పక్కకు జరిపి, అతని కార్లలో ఒకదాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుంది.

మొత్తం పదకొండు కార్లు. అన్నీ లోహంతో పోతపోసినవి, చేతికి బరువుగా తగిలేవి. తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా ఫణీంద్ర ఒకటి కొని తెచ్చేవాడు. ఆదివారం పొద్దున్నే వాటిని బల్ల మీద వరసగా పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ అదే వరసలో లోపల సర్దేవాడు. ముట్టుకోవద్దని సుమతో ఎప్పుడూ అనలేదు. పెళ్లయిన మూడేళ్లలో ఆమే ముట్టుకోలేదు.

ఫణీంద్ర ముంతగెడ్డ రిజర్వాయరు ప్రాజెక్టులో అసిస్టెంట్ ఇంజనీరు. అరకు నుంచి గంటన్నర ప్రయాణం. కొండల మధ్య చదును చేసిన నేల మీద నలభై క్వార్టర్లు, ఒక ఆఫీసు, ఒక డిస్పెన్సరీ, అంతే కాలనీ. తొంభై ఎనిమిది ఆగస్టులో ఒక వానరోజు, అరకు నుంచి తిరిగి వస్తున్న ఆఫీసు జీపు ఘాట్‌రోడ్డు మలుపు దగ్గర లోయలోకి జారిపోయింది. అందులో ఇద్దరే ఉన్నారు. ఫణీంద్ర అక్కడికక్కడే చనిపోయాడు. డ్రైవరు గాసికి ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. విచారణ జరిపి, డ్రైవరు నిర్లక్ష్యమే కారణమని తేల్చి, గాసిని ఉద్యోగంలోంచి తీసేశారు, లైసెన్సూ రద్దు చేశారు. అతను కొండ మీద తన ఊరికి వెళ్లిపోయి సామలు, చోళ్లు పండించుకుంటున్నాడని కాలనీలో చెప్పుకున్నారు. సుమ పెళ్లికి ముందు విజయనగరం ఐటీఐలో డ్రాయింగు కోర్సు చదివింది. ఆ చదువు చూసి, పోయిన ఉద్యోగి భార్యగా ఆమెకు అదే ఆఫీసులో ట్రేసరు పని ఇచ్చారు. ఇంజనీర్లు గీసిన నక్షాల మీద పారదర్శకపు కాగితం పరిచి, సిరాతో మళ్లీ గీయడం ఆ పని.

ఆమె ఏడవలేదు. శవాన్ని తెచ్చిన రోజున ఏడుస్తూ వచ్చినవాళ్లకు ఆమే మంచినీళ్లు అందించింది. లోపల ఏదో బిగుసుకుపోయిందని, ఒకరోజు కట్ట తెగినట్టు వస్తుందని అత్తగారు అన్నారు. సుమ ఎదురుచూసింది. ఏమీ రాలేదు. అన్నం తినేది, రుచి తెలిసేది కాదు. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పప్పును రెండు రోజులు తిని, మూడో రోజు పొరుగింటావిడ చెబితేగాని గమనించలేదు. ఆఫీసులో గీతలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. చెయ్యి వణకలేదు.

ఆ జనవరి సాయంత్రం ఆమె తీసింది జీపును. ముదురు ఆకుపచ్చ రంగు, పైన టాపు లేదు. ఆఫీసు జీపు లాంటిదే. కింద చిన్న అక్షరాలతో అసలు దానిలో ఇరవైనాలుగో వంతు అని కొలత పోసి ఉంది. చలికి వేళ్లు కొయ్యబారి ఉన్నాయేమో, జీపు జారి గచ్చు మీద పడింది. ముందు మడ్‌గార్డు అంచున గోరంత రంగు ఊడింది.

ఫణీంద్ర ఏమంటాడో అన్న ఆలోచన వచ్చింది. ఆ వెంటనే, ఏమీ అనడన్న సంగతి కూడా వచ్చింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆమె జీపును కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి చూసింది. రంగు ఊడినచోట లోహం తెల్లగా మెరుస్తోంది. అది తప్పు. ఆఫీసు జీపుకు రంగు ఊడినచోట తుప్పు ఉండేది. సుమ సిరా పెన్ను తెచ్చి, గోధుమరంగు సిరాను ఒక్క చుక్క ఆ మచ్చలోకి దించింది. సిరా అంచుల దాకా పాకి ఆగింది. ఇప్పుడు అది నిజం జీపు మడ్‌గార్డులా ఉంది.

ఆ రోజు అన్నం పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. మాడువాసన వచ్చేదాకా ఆమె కిటికీ దగ్గరే ఉంది.

జీపును ప్రస్తుతానికి పక్కన పెట్టి, మిగతా కార్ల మీద చెయ్యి అలవాటు చేసుకుంది. ఆఫీసు నుంచి ఐదింటికి వచ్చాక వెలుతురు పోయేదాకా, ఆదివారాలైతే రోజంతా అదే పని. నల్లటి అంబాసిడరు సాలూరు బస్టాండు దగ్గర నిలబడే అద్దె కారయింది. తెల్లటి వ్యాను మీద ఎర్రమట్టి పట్టింది. ఘాట్‌రోడ్డు పక్కనుంచి మట్టి తెచ్చి, ఎండబెట్టి, పలచటి గుడ్డలో జల్లించి, జిగురునీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్షుతో చిలకరించేది. తలుపుల సందుల్లో సన్నటి పెన్నుతో నల్లసిరా దించి, పైన మిగిలినదాన్ని తుడిచేసేది. నక్షా మీద తప్పు గీతను బ్లేడుతో గీకడం ఆమెకు రోజూ ఉన్న పని. అదే బ్లేడుతో బంపరు మీద రంగును ఎంత కావాలో అంతే గీకేది.

ఉప్పు సంగతి అనుకోకుండా తెలిసింది. తుప్పురంగు వేసిన ఒక కారు తలుపును ఆరడానికి వంటింటి గట్టు మీద పెడితే, చెమ్మగిల్లిన ఉప్పు రవ్వలు దానికి అంటుకున్నాయి. చూసుకోకుండా పైన ఆకుపచ్చ వేసింది. ఆరాక వేలితో రుద్దితే రవ్వలు రాలి, వాటి కింద తుప్పు, చుట్టూ రంగు మిగిలాయి. ఏళ్ల తరబడి వానలో నిలబడ్డ బండి తలుపు అచ్చం అలాగే ఉంటుంది. సుమ దాన్ని చాలాసేపు చూసింది. సంతోషం అనడానికి లేదు. కానీ ఆ కాసేపూ ఆమె వేరే దేని గురించీ అనుకోలేదు.

డ్రాయింగు ఆఫీసులో పెద్దాయన అప్పలస్వామి. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. బొబ్బిలి వైపు మనిషి, రిటైరుమెంటుకు నాలుగేళ్లుంది. ఫణీంద్ర పోయినప్పుడు పరుగులన్నీ ఆయనే పెట్టాడు. సుమ ఉద్యోగం కాగితాలు పట్టుకుని విశాఖపట్నం మూడుసార్లు వెళ్లివచ్చాడు. బీరువా అడుగున పాతకాలపు ట్రేసింగు గుడ్డ చుట్టలు పడున్నాయని, రెండు ముక్కలు ఇస్తారా అని సుమ ఒకరోజు ఆయన్ని అడిగింది.

"ఏటి సేత్తావమ్మా ఆటితోటి? ఎలకలు కొట్టేసిన గుడ్డ అది."

"వేడినీళ్లలో నానబెడితే గంజి పోయి సన్నటి గుడ్డ మిగులుతుంది కదండీ. జీపుకి టాపు కుట్టాలి."

ఆయనకు అర్థం కాలేదు. సాయంత్రం గుడ్డ పట్టుకుని క్వార్టరుకు వచ్చాడు. కిటికీ దగ్గర బల్ల మీద ఏడు కార్లు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఈ వ్యాను మన టపా వ్యానే కదమ్మా. ఎనక తలుపుకి తాడు కూడా కట్టీసినావు."

"తాడు కాదండీ, రాగితీగె. మట్టి పూశాను."

"పోన్లే. ఏదో ఒక యావ ఉండాల మనిషికి," అన్నాడు. ఆ తర్వాత అప్పుడప్పుడు పనికొచ్చేవి తెచ్చిపెట్టేవాడు. ఒకసారి లాంతరు గాజు ముక్క, ఒకసారి తెగిపోయిన గడియారం గొలుసు.

రెండువేల సంవత్సరం మొదట్లో సుమ మళ్లీ జీపు దగ్గరకు వచ్చింది. ఈసారి అది ఆఫీసు జీపు కావాలి. ట్రేసింగు గుడ్డను కాఫీ డికాక్షన్‌లో నానబెట్టి టాపు కుట్టింది. నంబరు ప్లేటు రాసింది. బయటి సొట్టలన్నీ ఆమెకు గుర్తే. రెండేళ్లపాటు ఆ జీపు రోజూ ఇంటి ముందు ఆగేది. లోపల మాత్రం డ్రైవరు సీటు మీది గోనె తప్ప ఏదీ గుర్తు లేదు. డాష్‌బోర్డు మీద ఏముండేది, గేరు రాడ్డు పిడి ఏ రంగు, ఇవి ఎవరినడిగినా చెప్పలేకపోయారు.

"గాసికి తప్ప ఎవుడికి తెలుస్తాదమ్మా," అని అప్పలస్వామి అనేసి, అనకుండా ఉండాల్సిందన్నట్టు ముఖం తిప్పుకున్నాడు. "ఒగ్గీ. బేగి పూర్తిచేసీసి లోపలెట్టీ. ఆడినెందుకు పిలవడం."

సుమ పిలిపించింది. కాలనీ గేటు దగ్గర ఆదివారం సంతకు గాసి ఊరివాళ్లు దిగుతారు. వాళ్లతో కబురు పెడితే, మూడో ఆదివారం అతనే వచ్చాడు. నలభై ఏళ్లు దాటిన పొట్టి మనిషి. అడ్డాకుల కట్టను మెట్ల పక్కన దించి, కుర్చీ వేసినా కూర్చోకుండా అరుగు మీద కూర్చున్నాడు. తన భర్త చావుకు కారణమని అందరూ చెప్పిన మనిషి. అతన్ని చూస్తే ఏదైనా అనిపిస్తుందేమోనని సుమ అనుకుంది. సంతలో ఎవరో కనిపించినట్టే అనిపించింది.

ఆమె జీపు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

గాసి దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత బొటనవేలితో ఎడమ మడ్‌గార్డు తడిమాడు.

"ఈ సొట్ట ఇంకాస్త కిందకి రావాలమ్మగోరూ. అది గేదె గుద్దినాది. గేదె కొమ్ము ఇంత ఎత్తుకి రాదు."

సుమ కాగితం మీద రాసుకుంది. అతను ఒక్కొక్కటే చెప్పాడు. గేరు పిడి ఊడిపోతే చెక్కతో చెక్కి పెట్టాడట. డ్రైవరు వైపు తలుపు గొళ్లెం బదులు సైకిలు ట్యూబు ముక్క. డాష్‌బోర్డు మీద రెండు మీటర్లూ పనిచెయ్యవు, ఒకదానికి అద్దమే లేదు. చెబుతున్నకొద్దీ అతని గొంతు మెత్తబడింది. ఆ బండిని తొమ్మిదేళ్లు నడిపాడు.

"డ్రైవరు సీటు మీద గోనె ఎట్టినారు," అన్నాడు.

"నువ్వు మడిచి వేసుకునేవాడివి కదా."

"ఏసుకునేవోణ్ని. పొట్టోణ్ని, గోనె నేకపోతే బానెట్టు అవతల రోడ్డు అవుపడదు." వేలితో సీటు మీది గోనె ముక్కను తాకాడు. "ఆ దినం మాత్రం గోనె నేదమ్మా. నానే తీసి ఎనక పడేసినాను."

"ఎందుకు తీశావు?"

గాసి జీపు వైపే చూస్తున్నాడు. మాట జారిందని అతనికి అప్పుడు తెలిసినట్టుంది. జీపును అరుగు మీద మెల్లగా పెట్టాడు.

"అయ్యగారు పొడుగు మనిషి. గోనె ఉంటే తల టాపుకి తగిలీది."

సుమ పెన్ను మూత పెట్టింది. "ఆ రోజు బండి నడిపింది ఆయనా?"

గాసి తల ఊపాడు.

ఆమె అడిగాక మిగిలినదీ చెప్పాడు. రెండు నెలలుగా ఫణీంద్ర దారిలో కాసేపు స్టీరింగు పట్టుకునేవాడట, చదును నేల మీద మాత్రమే. లైసెన్సు లేదు. ఆ రోజు చెక్‌గేటు దాటాక, ఘాట్‌లో తానే నడుపుతానన్నాడు. వాన పడుతోంది, వద్దయ్యా అని గాసి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. ఆయన ఆఫీసరు. మలుపులో ఎదురుగా లారీ వస్తే ఫణీంద్ర బ్రేకు మీద బలంగా తొక్కాడు. వెనక చక్రం జారింది.

"ఇదంతా విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"అప్పలసామి బాబు ఆసుపత్రికి వచ్చినారు. డ్రైవరుది తప్పయితే ఆ అమ్మకి ఉజ్జోగం వస్తాది, ఆయనదే తప్పయితే రాదన్నారు. నీకు కొండుంది, పోడుంది, ఆ అమ్మకేటుంది అన్నారు. నిజమే అనిపించినాది."

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాదమ్మా. నాను బండి తోల్నేనోడినంటే మా ఊర్లో ఎవుడూ నమ్మడు గాని, తోలి మనిషిని సంపీసినానంటే అందరూ నమ్మినారు. సంతకెళ్లే జీపులోళ్లు నన్ను ఎనకసీట్లో కూడా ఎక్కించుకోరు. నడిసే ఎల్తాను."

అతను ఏడవలేదు, గొంతు పెంచలేదు. సుమ లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చింది. తాగి, గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించి, ఆకుల కట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆమె బ్లేడు తీసుకుని సీటు మీద అతికించిన గోనె ముక్కను లేపేసింది. కింద జిగురు మరక మిగిలింది. దాన్ని కూడా గీకింది. ఇంతకాలమూ తన జీతపు ఉద్యోగం, ఈ ఇల్లు, ఈ కిటికీ, అన్నీ గాసి నడిచి వెళ్తున్న ఆ దారి మీద నిలబడి ఉన్నాయని తెలిసింది. తెలిసిందే తప్ప, ఎక్కడా నొప్పి లేదు. నొప్పి లేకపోయినా చెయ్యాల్సింది ఏమిటో మాత్రం స్పష్టంగానే ఉంది.

మర్నాడు అప్పలస్వామి బల్ల దగ్గర నిలబడింది.

"గాసి చెప్పాడండీ."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "నీ మంచికే సేసేనమ్మా. ఆ రోజు నిన్ను సూస్తే మరేటీ తోచలేదు నాకు. నా కూతురైతే అలగే సేద్దును."

"నాకు మంచే జరిగింది. నేను కాదనను. ఆ ఫైలు ఒకసారి చూపించండి."

ఆయన లేచి వెళ్లి తెచ్చాడు. పంచనామా రెండో పేజీలో, శవం స్టీరింగుకూ కుడివైపు సీటుకూ మధ్య ఇరుక్కుని ఉందని రాసి ఉంది. డాక్టరు కాగితంలో గాసికి విరిగింది ఎడమవైపు ఎముక అని ఉంది. విచారణ చేసినవాళ్లు ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

సుమ ఉత్తరం రాసింది. దానితోపాటు ఒక నక్షా గీసింది: జీపు సీట్లు, స్టీరింగు, శవం ఉన్నచోటు, అన్నీ కొలతలతో. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారు ఉత్తరం చదివి, నక్షాను మరింత సేపు చూశారు.

"మూసేసిన ఫైలమ్మా ఇది. ఈ ఉత్తరం అందులో పెడితే ముందు మీ ఉద్యోగం గురించే అడుగుతారు. తెలుసా?"

"తెలుసండీ."

"ఇంటికెళ్లి నాలుగు రోజులు ఆలోచించుకోండి."

"ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేయించాకే మీ దగ్గరకు తెచ్చాను," అంది సుమ. ఆమె ధిక్కారంగా అనలేదు. జరిగింది చెప్పింది.

విచారణ మళ్లీ తెరవడానికి ఏడు నెలలు పట్టింది. అప్పలస్వామి తాను ఆసుపత్రిలో అన్న మాటలు ఒక్కటి కూడా దాచకుండా వాంగ్మూలం ఇచ్చాడు. బయటికి వచ్చి, సుమ ముందు నుంచే తలవంచుకుని నడిచి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన ఆమె క్వార్టరుకు రాలేదు. ఆఫీసులో పని మాటలే మిగిలాయి.

సంగతి విజయనగరం చేరింది. ఫణీంద్ర అన్నయ్య రవిబాబు ఒక శనివారం బస్సు దిగి వచ్చాడు. గడపలోనే నిలబడి అడిగాడు.

"పోయినవాడి మీద నింద వేసి ఏం బావుకుంటావు సుమా? అమ్మ మంచం పట్టింది."

"నింద కాదు బావగారూ. ఆయనే నడిపారు."

"నడిపితే నడిపాడు. నీకెందుకు చెప్పాలనిపించింది?"

"గాసి నడిచి వెళ్తున్నాడు," అంది సుమ. అతనికి అర్థం కాలేదు. అప్పుడు అతని చూపు బల్ల మీద పడింది. తుప్పు పట్టిన అంబాసిడరు, అద్దం పగిలిన వ్యాను, మట్టికొట్టుకుపోయిన కార్లు. దగ్గరకు వెళ్లి ఒకదాన్ని ఎత్తి చూశాడు.

"వాడు ప్రాణంగా చూసుకున్నవి," అన్నాడు మెల్లగా. "ఇలా చేతులారా పాడుచేస్తే నీకు ఏం వచ్చింది?"

షోకేసులో ఇంకా ముట్టుకోని మూడు కార్లున్నాయి. వాటిని పాత చీరముక్కలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. సుమ అడ్డు చెప్పలేదు. చీరముక్క చాలకపోతే ఇంకొకటి తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి.

రెండువేల ఒకటి జూన్‌లో గాసి తొలగింపు ఉత్తర్వు రద్దయింది. లైసెన్సు వెనక్కి వచ్చింది. జీపు వద్దని, స్టోర్సు లారీ అడిగి తీసుకున్నాడట. సుమ ఉద్యోగం పోలేదు. నియామకాన్ని ఎందుకు పునఃపరిశీలించకూడదో చెప్పమని ఒక మెమో వచ్చింది. జవాబు రాసింది. దాని మీద ఏ నిర్ణయమూ రాలేదు. దానికి బదులు సాలూరు సబ్‌డివిజనుకు బదిలీ వచ్చింది. వెళ్లేముందు గాసి ఒకసారి కనిపించాడు. స్టోర్సు గేటు దగ్గర లారీ ఆపి దిగి, "ఎల్లొస్తారా అమ్మా," అన్నాడు. "వెళ్తాను గాసీ," అంది. అతను లారీ ఎక్కి, అద్దం సర్దుకుని వెళ్లాడు.

సాలూరులో ఆమెకు లారీల రోడ్డు పక్కన వాటా దొరికింది. పొద్దున్నుంచి లారీ బాడీలు కట్టే షెడ్లలో సుత్తి మోత. బజారులో ప్లాస్టిక్ లారీ ఒకటి కొని, దాని తొట్టిని విప్పేసి, అగ్గిపుల్లలతో చెక్క తొట్టి కట్టడం మొదలుపెట్టింది. షెడ్లలో రంగులు వేసేవాళ్ల దగ్గర నిలబడి, పాత పలక ఏ వైపు నుంచి పుచ్చుతుందో అడిగి తెలుసుకునేది. ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది అలాగే గడిచాయి.

రెండువేల మూడు వర్షాకాలంలో, ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే, ఒక లారీ గుంతలోంచి వేగంగా పోయి ఆమె చీర నిండా బురద చిమ్మింది. కాస్త ముందుకు వెళ్లి టీ కొట్టు దగ్గర ఆగింది. సుమ అక్కడికి వెళ్లి, దిగుతున్న డ్రైవరును నిలదీసింది.

"మనుషులు కనపడరా నీకు? వానలో అంత వేగం ఎందుకు? ఎవరిని చంపుదామని?"

డ్రైవరు బిత్తరపోయి, "తప్పయిపోనాది తల్లీ," అన్నాడు. ఆమె ఆపలేదు. గొంతు పెరుగుతూనే ఉంది. టీ కొట్టులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. తన మాటలు తనకే కొత్తగా వినిపించాయి. చేతులు వణుకుతున్నాయి. చీర గురించి ఇంత ఎందుకని ఒక ముసలావిడ అంది.

ఇంటికి వచ్చి, తలుపు వేసి, తడిచీరతోనే గచ్చు మీద కూర్చుంది. కోపం తగ్గలేదు. అది లారీవాడి మీద కాదని కాసేపటికి తెలిసింది.

"వద్దంటే వినొచ్చు కదా," అంది పైకే. "రెండుసార్లు చెప్పాడు. నడపడం రానివాడివి, వానలో స్టీరింగు ఎందుకు పట్టుకున్నావు?"

ఐదేళ్లలో ఫణీంద్రతో ఆమె మాట్లాడటం అదే మొదలు. ఇంకా ఏదేదో అంది. పెళ్లిలో సంగతులు కూడా వచ్చాయి. చివరికి గొంతు నొప్పి పుట్టి ఆగింది. ఆకలేస్తోంది. లేచి చీర మార్చుకుని, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.